గిర్ని అడుగు కారం

మా గిర్నిలో ఎండు మిరపకాయలు పడుతున్నప్పుడు తుమ్మకుండా నిలబడే మనిషి ఒక్క అండాలే. నేను తుమ్ముతాను, కాయలు తెచ్చినవాళ్లు తుమ్ముతారు, గోడ మీది బల్లి తుమ్మి కింద పడటం ఈ కళ్లతో చూశాను. గాలి అటు మళ్లిన రోజున నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ రోడ్డు మీద పోయే లారీ డ్రైవర్లంతా వరసగా తుమ్ముతారని, అందుకే అక్కడ స్పీడ్ బ్రేకర్ వేశారని కూడా చెప్పేవాణ్ని. గిర్ని దగ్గర ఒక్కో మనిషికి వంతు వచ్చేసరికి గంట పడుతుంది. ఆ గంట గడవాలంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పాలి. మా ఎర్రబండలో ఆ పని నాది. అండాలు సంగతి రాయాలంటే నా అబద్ధాలను దాచి రాయడం కుదరదు కాబట్టి ఇది ముందే చెప్పేస్తున్నాను.

అండాలు వాళ్ల అత్త రోకలితో కారం దంచేది. ఎండాకాలం వస్తే ఊళ్లో పెద్ద ఇళ్లన్నింటికీ ఆమే. మా నాయన గిర్ని పెట్టాక ఆ రోకలి మూలకు పడింది. అత్త పోయిన ఏడాది, నడుముకు కొంగు బిగించుకుని, అండాలు గిర్ని గడప ముందు నిలబడింది.

"మా అత్త రోకలిని మీ మోటరు మింగింది సేటు. గా మోటరు కాడనే నాకింత పని సూపెట్టు."

అప్పటినుంచి ఇప్పటిదాకా ఆమె మా గిర్నిలోనే ఉంది. నాకు మోటారు సంగతి తెలుసు, కారం సంగతి ఆమెకు తెలుసు. ఎవరు కాయలు తెచ్చినా ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. లోపల గింజలు గలగలమంటేనే పట్టేది. లేకపోతే మూట మళ్లీ కట్టి చేతిలో పెట్టేది. "తేమున్నది. రెండు దినాలు ఎండల పోసి తీసుకరా. ఇప్పుడు పడితే నెల తిరక్కముందే పురుగు పడ్తది. అప్పుడు గిర్నిని తిడ్తవు." రంగుకు చపాటా కాయ, ఘాటుకు తేజ కాయ ఎంతెంత కలపాలో, ఉప్పు ఎప్పుడు వెయ్యాలో, మంచినూనె ఎంత చిలకరిస్తే ఏడాది తిరిగినా రంగు తగ్గకుండా ఉంటుందో ఆమెనే అడిగేవాళ్లు. బాలింతకు మొదటి ముద్దలో పెట్టే ఎల్లిగడ్డ కారానికి కాయలు వేరే ఏరి పెట్టేది. దుకాణంలో కొన్న పొట్లం ఎవరైనా చూపిస్తే చిటికెడు అరచేతిలో వేసి, రెండు చుక్కల నీళ్లు పోసి, "గిది కారం గాదు, బతుకమ్మకు పూలద్దే రంగు" అనేది.

ఇప్పుడు అడుగు కారం గురించి చెప్పాలి. మర ఎంత బాగా దులిపినా లోపల, గుడ్డ సంచి మడతల్లో, కొంత కారం మిగిలిపోతుంది. ఒకరి కాయల తర్వాత ఇంకొకరివి పడతాం కదా, అందరి కారం అక్కడ కొద్దికొద్దిగా చేరుతుంది. పొద్దు వాలేటప్పుడు మోటారు ఆపి, సంచి విప్పి, బ్రష్షుతో ఊడిస్తే ఒక సోలెడు వస్తుంది. అది గిర్నిలో పనిచేసే మనిషిది. ఎక్కడ చూసినా ఇదే పద్ధతి. రెడ్ల ఇంటిదీ, మాదిగ ఇంటిదీ, కోమటి ఇంటిదీ, తురకల ఇంటిదీ అన్నీ కలిసిన ఆ కారాన్ని అండాలు ఒక పాత పాల డబ్బాలో పోసుకుని ఇంటికి తీసుకుపోయేది. వాళ్లింట్లో ఏడాది పొడుగునా అదే కూరల్లోకి.

తెలంగాణ వచ్చిన ఏడాది, జూన్ నెలలో, ట్రాక్టర్ నడిపే సైదులును వీధికుక్క పిక్క మీద కరిచింది. కుంటుకుంటూ నేరుగా గిర్నికి వచ్చాడు. కుక్క కరిస్తే కారం అద్దడం మా దిక్కున తాతల నాటి అలవాటు. డబ్బా అండాలు చేతిలోనే ఉంది. ఆమె గుప్పెడు తీసి గాయంలో అదిమి గుడ్డ కట్టింది. సైదులు వేసిన కేకకు గిర్ని మీది రేకులు లేచాయి.

అంతమంది అక్కడ కూర్చుని ఉన్నారు. వాడు ఏడుస్తున్నాడు. నాకు నోరు ఊరుకోలేదు.

"అరవకురా. మా తాతను నిజాం కాలంల భువనగిరి తొవ్వల పిచ్చికుక్క కరిసింది. భువనగిరి గుట్ట కింద ఒక ఫకీరు కూసోని ఉండె. ఏమన్నడో తెలుసా? పద్దెనిమిది ఇండ్ల కారం కలిపి పెట్టమన్నడు. ఒక్క ఇంటి కారం పెడితే విషం ఆ ఇంటి తొవ్వ పడ్తదట. పద్దెనిమిది ఇండ్లయి కలిస్తే ఏ ఇంటికి పోవాల్నో తెలువక నడిమిట్లనే సస్తదట."

"నిజమేనా తాతా?"

"అండాలు డబ్బాల ఉన్నది గదేరా, ఊరందరి కారం! కాని పత్తెం ఉంటది. నలభై దినాలు మాంసం ముట్టొద్దు."

ఆ పథ్యం ఫకీరు చెప్పింది కాదు. ఫకీరే లేడు. ఏ ఇంట్లో మేక కోసినా వాసన పట్టి పళ్లెంతో దిగే అలవాటు సైదులుది. వాణ్ని ఏడిపించడానికి అప్పటికప్పుడు తగిలించాను.

"నలభై దినాలా?" అన్నాడు వాడు కన్నీళ్లు తుడుచుకుంటూ. "నాకంటె గా కుక్కే నయం తాతా. దానికి నా పిక్కన్న దొరికె."

అందరం విరగబడి నవ్వాం. అండాలు మాత్రం నవ్వలేదు. డబ్బా మూత తీసి లోపలికి చూస్తూ ఉండిపోయింది.

సైదులు బతికాడు. బతక్కేం, ఆ కుక్కకు ఏ జబ్బూ లేదు. మర్నాడు పొద్దున్నే అది మా గిర్ని ఎదురుగా ఛాయ్ హోటల్ ముందు ఎముక కొరుకుతూ కూర్చుంది. ఆ తర్వాత మూడేళ్లు అక్కడే తిని, అక్కడే పడుకుని, పిల్లల్ని కూడా పెట్టింది. నేను రోజూ చూశాను. ఎవరికీ చెప్పలేదు. కథ అప్పటికే ఊరు దాటిపోయింది.

మునుగోడు నుంచి, కట్టంగూరు నుంచి, చిట్యాల నుంచి కుక్క కరిచినవాళ్లు రావడం మొదలైంది. రోజుకొకరో, వారానికిద్దరో. అండాలు పైసా ముట్టేది కాదు. కొబ్బరికాయ ఇస్తే తీసుకుని పగలగొట్టి అందరికీ పంచేది. గాయం కడగకుండానే కారం అదిమి, నలభై రోజుల పథ్యం చెప్పి పంపేది. పథ్యం చెప్పేటప్పుడు ఆమె గొంతు మారిపోయేది. అంతకుముందు "ఓ గిర్నామే" అని పిలిచినవాళ్లే "అండాలమ్మా" అనడం మొదలుపెట్టారు. పెళ్లికి పోతే మొదటి బంతిలో కూర్చోబెట్టేవాళ్లు. ఒకసారి నల్గొండ నుంచి కారులో వచ్చిన ఒక పెద్దమనిషి ఆమె కాళ్లకు మొక్కబోతే ఆమె సిగ్గుతో మరపట్టే గదిలోకి పారిపోయింది. ఆ రోజు ఆమె ముఖం చూశాను. యాభై ఏళ్లు దాటిన మనిషి, పెళ్లికూతురిలా ఉంది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను. ఆమె కోసమే మింగానని అప్పుడు అనుకున్నాను.

అండాలు ఇంట్లో ఆ కథను నమ్మనిది కోడలు త్రివేణి ఒక్కతే. ఆమె మా ఊరి ఆశా వర్కరు. ఎవరికి కుక్క కరిచినా పేరు రాసుకుని, వెంటపడి, నల్గొండ దవాఖానకు తీసుకుపోయి సూదులు వేయించేది. పోయినవాళ్లు ఆ సంగతి బయటికి చెప్పుకునేవాళ్లు కాదు. బతికినందుకు కొబ్బరికాయ మాత్రం అత్తకే తెచ్చేవాళ్లు.

"అత్తా, పుండుల కారం పెట్టొద్దే. సబ్బుతోని పావుగంట కడగాలె, సూది ఏపియ్యాలె. మాకు ట్రైనింగుల చెప్పిండ్రు."

"నీ ట్రైనింగు ఎన్ని దినాలదే?"

"ఇరవై మూడు దినాలు."

"మా అత్త కారం దంచింది నలభై ఏండ్లు. పోయి కూరల ఉప్పు సూడు."

అత్తాకోడళ్లు ఇలా అనుకుంటుంటే అండాలు మొగుడు గుర్వయ్య అరుగు మీద గొంగడి పరుచుకుని, ఇద్దరి మాటలకూ సరేనన్నట్టు తల ఊపేవాడు. గొర్ల కాపరి. సర్కారు సబ్సిడీ గొర్లు ఇచ్చిన ఏడాది వాళ్లకూ వచ్చాయి. అప్పటికే ఉన్న వాటితో కలిపి పెద్ద మందే అయింది. ఆయన మనుషులతో మాట్లాడిన మాటలకంటే నల్లోడితో మాట్లాడినవే ఎక్కువ. నల్లోడు ఆయన కుక్క. గొర్ల వెంట పోవడం, ఆయన తిన్నదాంట్లో సగం తినడం, ఇవే దాని పనులు.

ఆ మరుసటి ఎండాకాలం గుట్టల్లోంచి దిగిన నక్క ఒకటి నల్లోడి మూతి మీద కరిచింది. మూడు వారాలు అది బాగానే ఉంది. తర్వాత గంజి ముట్టడం మానేసి గొర్ల కొట్టం మూలన ముడుచుకుంది. గుర్వయ్య గంజి గిన్నె తీసుకుని, "ఏమైందిరా నీకు" అంటూ మూతి దగ్గరికి చెయ్యి తీసుకుపోయాడు. అది ఆయన బొటనవేలి మొదట్లో ఎముక తగిలేదాకా కరిచింది. తర్వాత వీధిలో పడి ఇంకో రెండు మేకల్ని పట్టుకుంటే ఊరి జనం రాళ్లతో కొట్టి చంపారు.

ఇంటి మందు ఇంట్లోనే ఉంది. అండాలు కారం అదిమింది. ఆయన పళ్లు బిగబట్టి చెయ్యి అలాగే చాపి ఉంచాడట, అరవలేదట. సాయంత్రం సర్వే నుంచి వచ్చిన త్రివేణి కట్టు విప్పి, గాయం కడిగి, గడప ముందుకు ఆటో తెప్పించింది.

"మామా, ఎక్కు. నల్గొండ పోయి సూది ఏపిచ్చుకొని వద్దాం. నల్లోనికి పిచ్చే లేసింది, నేను చూసిన."

"పొద్దుగాల చూద్దాం తియ్యి బిడ్డా."

"పొద్దుగాల గాదు. ఇప్పుడే."

గుర్వయ్య పెళ్లాం వంక చూశాడు. అండాలు పొయ్యి దగ్గరే ఉంది. ఆమె పొమ్మనలేదు, వద్దనలేదు. ఆటో ఖాళీగా తిరిగిపోయింది. ఆయన ఆటో ఎందుకు ఎక్కలేదో మర్నాడు నాకే చెప్పాడు.

మర్నాడు పదిగంటలకు గుర్వయ్య గిర్నికి వచ్చాడు. వచ్చే మనిషి కాదు. పది, పన్నెండు మంది వంతుకోసం కూర్చుని ఉన్నారు. అండాలు లోపల మర దగ్గర కాయలు పోస్తోంది. ఆయన కట్టు కట్టిన చేతిని గొంగట్లో దాచుకుని నా పక్కన కూర్చున్నాడు.

"సేటు, ఒక్క మాట అడుగుత."

"అడుగు గుర్వన్నా."

"కోడలు సూది అంటాంది. నేను పోతే ఊరోళ్లు ఏమనుకుంటరు? సొంత మొగడే నమ్మలే, మనమెందుకు నమ్మాలె అనరా? అండాలు నోట్ల మన్ను గొట్టినట్టయితది." కట్టు చేతిని గొంగట్లోకి ఇంకొంచెం లాక్కున్నాడు. "నువ్వు ఇంగిలీసు సదివినోనివి. గా ఫకీరు కత... నిజమేనా?"

నల్గొండ కాన్వెంటులో పదో తరగతి దాకా చదివిన పుణ్యాన ఊళ్లో నా మాటకు ఒక విలువ ఉంది. బ్యాంకు కాగితమైనా, మందు సీసా మీది అక్షరమైనా, కోర్టు నోటీసైనా చదివిపెట్టమని నా దగ్గరికే వస్తారు. కాన్వెంటులో అబద్ధం చెప్పి దొరికినప్పుడల్లా మోకాళ్ల మీద నిలబెట్టేవాళ్లు. ఊళ్లో ఎవరూ నిలబెట్టలేదు. కూర్చున్నవాళ్లంతా నా ముఖంలోకి చూస్తున్నారు. సైదులు అక్కడే ఉన్నాడు. లోపల కాయలు పోస్తున్న చప్పుడు ఆగింది. అండాలు వింటోంది.

ఒక్క మాట అంటే చాలు. కాదు గుర్వన్నా, అది నేను కల్పించింది, పో, సూది వేయించుకో. నాలుగేళ్ల కథ అక్కడే కూలిపోయేది. అండాలు మళ్లీ "గిర్నామె" అయ్యేది. నేను పదిమందిలో అబద్ధాలకోరునయ్యేవాణ్ని. నాలుగేళ్లుగా ఉన్నదే అయినా, అందరి ముందూ కావడం వేరు.

"నిజం గాకుంటె మా తాత ఎట్ల బతికిండు?" అన్నాను. "మా తాత బతక్కుంటె మా నాయన యాడికెల్లి వచ్చిండు? మా నాయన రాకుంటె గీ గిర్ని యాడిది? నేను యాడికెల్లి వచ్చి నీ ముందట కూసున్న?"

అందరూ నవ్వారు. గుర్వయ్య కూడా నవ్వాడు. ఆయన నవ్వడం నేను అంతకుముందు రెండుసార్లు చూసి ఉంటానేమో. గొంగడి సర్దుకుని లేచిపోయాడు. లోపల కాయలు పోస్తున్న చప్పుడు మళ్లీ మొదలైంది.

సాయంత్రం వాళ్లింటికి పోయి చాటుగా చెబుదాం అనుకున్నాను. సాయంత్రం మోటారు పట్టా తెగింది. పొద్దున పోదాం అనుకున్నాను. పొద్దునకు ఆయన మందను తోలుకుని మేతకు సాగర్ కాలువ దిక్కు పోయాడు. వానలు పడేదాకా రాడు. త్రివేణి తన మొగుడి బండి మీద కూర్చుని ఆయన జాడ వెతుక్కుంటూ పోయిందని, హాలియా దాటాక ఒక చేలో మందను పట్టుకుందని, ఆయన చెయ్యి తిప్పి చూపించి "మానింది గద బిడ్డా, నీకెందుకు ఫికరు" అన్నాడని తర్వాత తెలిసింది. గాయం నిజంగానే మానింది. అది విని నేను నిశ్చింతగా నిద్రపోయాను. త్రివేణి పోయింది కదా, ఇంక నేనెందుకు పోవాలి అనుకున్నాను.

ముప్పయ్యో రోజునో ముప్పై ఒకటో రోజునో ఆయన ఇంటికి వచ్చాడు. తొవ్వలో ఒక పొట్టేలు కాలు విరిగితే కోసి తెచ్చాడు. "నెల పొడుగున గొడ్డు కారంతోనే తిన్న అండాలూ. ఇంక పది దినాలే గద. ఒక్క ముక్క పెట్టు" అన్నాడట. ఆమె వద్దంది. ఆయన మళ్లీ అడిగాడు. మామూలుగా ఏదీ అడిగే మనిషి కాదని ఆమె వండింది. అడుగు కారమే దట్టించి వండింది. ఆయన రెండుసార్లు పెట్టించుకున్నాడు.

ఐదో రోజు మానిన గాయం దగ్గర చీమలు పాకినట్టుందన్నాడు. ఆరో రోజు ఛాయ్ గ్లాసు పెదవుల దాకా తెచ్చి విసిరికొట్టాడు. త్రివేణి చెంబుతో నీళ్లు తేగానే గొంతు పట్టుకుని గోడకు అతుక్కుపోయాడు. నల్గొండ పెద్ద దవాఖానలో చూసి పట్నం పంపారు. పట్నంలో డాక్టరు త్రివేణిని పక్కకు పిలిచి ఎన్ని రోజులైందని అడిగాడట. ఆమె చెప్పింది. అప్పుడే సూది వేయించి ఉంటే బతికేవాడని, ఇప్పుడు చేసేదేమీ లేదని ఆయన చెప్పాడు. రెండో రోజు మధ్యాహ్నం గుర్వయ్య పోయాడు.

అంబులెన్సు ఊళ్లోకి వచ్చినప్పుడు నేను గిర్ని ముందు నిలబడి ఉన్నాను. త్రివేణి దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది. ఏడవడం లేదు.

"తాతా, నా మాట ఇంట్ల ఎవ్వలు ఇనలే. మీ మాట ఇన్నరు" అంది. అంతే. లోపలికి పోయింది.

దశదినం రోజు భోజనాలయ్యాక ఊరంతా పందిట్లో ఉండగా నేను లేచి నిలబడ్డాను. ఫకీరు లేడనీ, మా తాతను ఏ కుక్కా కరవలేదనీ, ఆయన ఇంట్లో మంచం మీద ముసలితనంతో పోయాడనీ, పద్దెనిమిది ఇళ్ల కారమూ, నలభై రోజుల పథ్యమూ సైదులును ఏడిపించడానికి నేను కల్పించినవనీ చెప్పాను.

వెనకనుంచి ఎవరో, "తాతకు దుఃఖం మీద తెలుస్తలేదు, జర కూసోబెట్టున్రి" అన్నారు.

సైదులు నా భుజం మీద చెయ్యి వేశాడు. "గట్లనకు తాతా. నేను బతికి నీ ముందట ఉన్న గద."

"నిన్ను కరిసిన కుక్కకు పిచ్చి లేదురా! మూడేండ్లు హోటల్ ముందట పండుకున్నది గదే గద!"

వాడు కొంచెం ఆలోచించాడు. "అయితే అండాలమ్మ కారం దానికి గూడ పనిచేసినట్టే. నన్ను కరిసింది గద, నా నెత్తురు తగిలి దాని పిచ్చి గూడ కుదిరింది."

నాలుగేళ్ల కింద అయితే ఆ మాటకు నేను వాణ్ని కౌగిలించుకునేవాణ్ని. నాకే రానంత మంచి అబద్ధం అది. పందిట్లో పెద్దలు తలలు ఊపారు. గుర్వయ్య పత్తెం తప్పాడు, అందుకే పోయాడు, ముప్పై రోజులు ఆగినవాడు ఇంకో పది రోజులు ఆగలేకపోయాడు అనుకుంటూ చేతులు కడుక్కుని వెళ్లిపోయారు. ఆ వారంలోనే కట్టంగూరు నుంచి ఇంకో ఇద్దరు కారం కోసం వచ్చారు.

అండాలు ఆ రోజు పందిట్లో ఒక మూల గోడకు ఆనుకుని కూర్చుంది. నా మాటలు విన్నదో లేదో తెలియలేదు. నెల తర్వాత గిర్నికి వచ్చింది. మోటారు ఆగి ఉన్నప్పుడు, ఎవరూ లేనప్పుడు ఆమె ముందు కూర్చుని మళ్లీ మొదటినుంచీ చెప్పాను. ఆమె కాయల తొడిమెలు తుంచుతూ విన్నది.

"పత్తెం కూడా నేను కల్పించిందే అండాలూ. నువ్వు పెట్టిన కూరతోని గుర్వన్న పోలేదు. గది నీ తప్పు గాదు."

తుంచడం ఆపలేదు. "కూరతోని పోలేదా?"

"పోలేదు."

"మరి దేనితోని పోయిండు?"

నేనూ ఒక కాయ తీసుకుని తొడిమె తుంచబోయాను.

"చెప్పు సేటు. ఇంగిలీసు సదివినవు గద. కూర తప్పు గాకుంటె తప్పు దేనిది? నా డబ్బాది. కోడలు ఆటో తెచ్చి గడప ముందట పెడితే నేను నోరు మూసుకొని పొయ్యి ఊదుకుంట కూసున్న గద, గా కూసున్నదానిది. అంతేనా?"

"అడిగింది నన్ను. నిజమే అన్నది నేను. తప్పు నాది."

"నీది నీకున్నది తియ్యి. దాన్ని నువ్వు మొయ్యి." చేతిలోని కాయ కింద పెట్టింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కారానికి ఎర్రబడే కళ్లు కావు అవి. "మొగడు అడిగిండు, కూర వండి పెట్టిన, పత్తెం తప్పింది. గంత మటుకు నేను మొయ్యగల్గుత. గది నాకు ఉండనియ్యి. గది గూడ గుంజుకుంటె నేను రేపు తెల్లారి లేవాలంటె ఎట్ల లేవాలె?"

నేను లేచి మోటారు వేశాను. ఆ చప్పుడులో ఇద్దరం మాట్లాడకుండా ఉండొచ్చు.

వారం పోయాక, సంచి దులుపుతూ దులుపుతూ, నా వైపు చూడకుండా అంది: "జనం వస్తనే ఉన్నరు సేటు."

"రావద్దని చెప్తున్న. ఎవ్వడు నమ్ముతలేడు."

"నీ నిజాన్ని ఎవ్వలు నమ్ముతరు? నీకు అచ్చొచ్చిన పనే చెయ్యి." డబ్బా మూత బిగించింది. "ఫకీరు ఇంకొక్క మాట చెప్పిండని చెప్పు. దవాఖాన సూది ఏపిచ్చుకోకుంట కారం ముడితే అది తిరగబడ్తదని చెప్పు. ముందుగాల సూది సీటి, గటెంక కారం. నీ తాత గా మాట చెప్పుడు మర్సిపోయి సచ్చిండని చెప్పు. ఏమన్న చెప్పు."

మర్నాడు గిర్ని ముందు పదిమంది ఉన్నప్పుడు చెప్పాను. ఫకీరుకు గడ్డం పెట్టాను, చేతికి కర్ర ఇచ్చాను, గుట్ట మీదినుంచి అరిపించాను. నా గొంతు నాకే అసహ్యంగా వినపడింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ నిజమేనా అని కూడా అడగలేదు. సైదులు, "అవు, నేను గూడ గప్పుడు త్రివేణక్క తోలుకపోతే సూది ఏపిచ్చుకున్న, ఎవ్వలకు చెప్పలే" అన్నాడు. వారం తిరగకముందే ఆ మాట మునుగోడు దాకా పోయింది. నా నిజానికి పందిరి దాటే బలం లేకపోయింది.

ఇప్పుడు అండాలుకు అరవై దాటాయి. గిర్నికి వస్తుంది, కాయను చెవి దగ్గర పెట్టి ఊపుతుంది, తేమ మూటల్ని తిప్పి పంపుతుంది. మధ్యాహ్నం ఆమె సద్దిమూట విప్పితే అందులో మజ్జిగ పోసుకున్న అన్నమూ, ఉప్పూ. అడుగు కారం ఇంటికి తీసుకుపోదు. గుర్వయ్య పోయినప్పటి నుంచి ఆమె నాలుక మీద కారం పడలేదని త్రివేణి చెప్పింది.

మొన్న యాదలక్ష్మి అని ఒకామె కట్టంగూరు దిక్కు నుంచి మోకాలి కింద గాయంతో వచ్చింది. కట్టు తెల్లగా ఉంది, దవాఖానలో కట్టింది.

"సీటి ఏది?" అంది అండాలు.

ఆమె కొంగు ముడి విప్పి మడతపెట్టిన కాగితం తీసింది. అండాలుకు చదవడం రాదు. చదివేవాణ్ని పక్కనే ఉన్నాను కదా అని అలవాటుగా చెయ్యి చాపాను. ఊళ్లో ఏ కాగితమైనా ముప్పై ఏళ్లుగా నా చేతుల్లోకే వచ్చింది.

అండాలు నా చేతిని చూసింది. కాగితాన్ని అలాగే పట్టుకుని లేచి, వీధిలోకి పోయి, అంగన్‌వాడీ దగ్గర ఉన్న కోడలిని కేకేసింది.

"త్రివేణీ! జర ఇటు రాయే. గిది సదివి చెప్పు, సూది పడ్డదో లేదో."

త్రివేణి వచ్చి చదివింది. రెండు సూదులు పడ్డాయి, మూడోది సోమవారం. ఏ రోజున పోవాలో యాదలక్ష్మికి వేళ్ల మీద లెక్కపెట్టించి చెప్పింది. అండాలు డబ్బాలోంచి రెండు చెంచాల కారం తీసి కాగితంలో పొట్లం కట్టింది.

"పుండుకు గాదు. కూరల ఏసుకో" అంది.

యాదలక్ష్మి ఆమె కాళ్లకు మొక్కబోయింది. అండాలు కాళ్లు వెనక్కి తీసుకుని, మరపట్టే గదిలోకి పోయి, తలుపు దగ్గరికి వేసుకుంది. నా చెయ్యి ఇంకా చాపే ఉంది. దాన్ని తీసుకుపోయి మోటారు స్విచ్ మీద పెట్టాను.